మెరవని పూత

బేకరీలో ఆమెను అందరూ తూకాలక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా తీపి పిండి కలిపే పని ఆమెదే. మొదట్లో ఆ పేరు లేదు. అప్పట్లో పిండి ముద్ద చేతిలోకి తీసుకుని ఒక్కసారి వాసన చూసి, "ఇంకో అరగంట పొంగనివ్వండి" అనేది, అంతే. ఏడు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గాక, చిటికెడు ఉప్పు కూడా కాటాలో పెట్టి తూచడం మొదలుపెట్టింది. పక్కన పనిచేసే అమ్మాయిలు నవ్వుకుని ఆ పేరు పెట్టారు. వాళ్లతో పాటు ఆమె కూడా నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది? జ్వరంతో పాటే ఆమెకు వాసన, రుచి రెండూ పోయాయి. నోట్లో ఏది పెట్టుకున్నా తడి కాగితం నమిలినట్టే. నాలుగు రోజుల్లో వస్తుందనుకుంది, నెలలో వస్తుందనుకుంది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. లిఫ్టులు బాగుచేసే మొగుడికీ చెప్పలేదు, ఇంట్లోనే ఉండే అత్తగారికీ చెప్పలేదు. రుచి తెలియని మనిషిని బేకరీలో ఎవరు ఉంచుకుంటారు? రుచి చూడ్డానికి బేకరీ మాస్టర్ చెంచా పట్టుకుని తన బల్లవైపు వస్తుంటే చాలు, చేతిలో పని ఆపేసేది. ఆయన నోరు కదులుతున్నంతసేపూ ఆమె చూపు ఆయన కనుబొమల మీదే. అవి ముడిపడకపోతే ఆ పూట గడిచినట్టు.

ఆ శనివారం మాస్టర్ పిలిచి, "అక్కా, ఆపిల్ ఫ్రిటర్లు నూనెలో వేయించినవి జనం వద్దంటున్నారు. ఓవెన్‌లో చేస్తే ఎలా ఉంటాయో ఇంట్లో ఒకసారి చేసి చూడు. సోమవారం నాలుగు పట్టుకురా" అన్నాడు.

"అలాగే మాస్టర్‌గారూ" అంది. రాత్రంతా నిద్ర లేదు. పాత వంటకమైతే లెక్కలు చేతికి తెలుసు. ఇది కొత్తది. దాల్చినచెక్క ఎంత వెయ్యాలి, నిమ్మరసం ఎంత పిండాలి, నాలుక చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది. మొగుడు డ్యూటీకి వెళ్లిపోయాడు. ఈస్టు వేసి పిండి కలిపి పొంగబెట్టింది. ఆపిల్ కాయల తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి వేసి నీరు ఇగిరేదాకా మగ్గబెట్టింది. పొంగిన పిండిని పరిచి, ముక్కలు జల్లి, మడిచి, కత్తితో అడ్డంగా నిలువుగా తరిగి, ఆ తునకలన్నీ దగ్గరకు నొక్కి పన్నెండు ముద్దలు చేసింది. ఇంకాసేపు పొంగనిచ్చి ఓవెన్‌లో పెట్టింది. అద్దం ముందు మోకాళ్ల మీద కూర్చుని రంగు మారడం చూస్తూనే ఉంది. వాసన పట్టలేని దానికి కళ్లే దిక్కు. అంచులు గోధుమరంగు తిరగగానే బయటికి తీసింది.

చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి.

ఇక పూత. పంచదార పొడిలో వేడి పాలు పోసి గిలక్కొట్టి, ఒక్కో ఫ్రిటర్‌ని ముంచి జాలీ మీద పెట్టింది. ఆరింటికి సరిపోయింది. డబ్బా ఖాళీ. పై అరలో అలాంటిదే ఇంకో డబ్బా కనిపిస్తే దించి, గిన్నె అడుగున మిగిలిన పూతలో నాలుగు గరిటెలు వేసి, మళ్లీ పాలు పోసి కలిపింది. ఈసారి పూత సరిగ్గా కరగలేదు, సున్నంలా ముద్దకట్టింది. పాలు చల్లారాయేమో అనుకుని, ఇంకాస్త గిలక్కొట్టి మిగతా ఆరూ ముంచేసింది.

అత్తగారికి ఒకటి ప్లేటులో పెట్టి ఇచ్చి, ఆవిడ ఒక ముక్క తినేదాకా తలుపు దగ్గరే నిలబడి చూసింది. కింది అంతస్తు టీచరమ్మకు, ఆవిడ మనవరాలికి రెండు టిఫిన్ డబ్బాలో పెట్టి ఇచ్చివచ్చింది. తరవాత స్నానానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి పూత ఆరింది. మొదటి ఆరూ అద్దంలా మెరుస్తున్నాయి. వెనకాల చేసినవి సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. ఇదేంటని డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పింది. గోడవైపు ఉన్న పక్కన, మొగుడి చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది.

"బొద్దింకల మందు. ముట్టుకోవద్దు."

చదివింది. మళ్లీ చదివింది. పోయిన నెల మందు పొట్లం చిరిగిపోతే ఆయన ఖాళీ పంచదార డబ్బాలో పోశాడు. చెప్పాడు కూడా. మూత తీస్తే ఎవరికైనా ఘాటు తెలిసేది. ఆమెకు తెలియలేదు.

వేలు పూతలో ముంచి నాలుక దాకా తెచ్చింది. ఏం లాభం? పంచదారైనా విషమైనా ఆ నాలుకకు ఒకటే. చెయ్యి దించేసింది. మెరవనివి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరు ఉండాలి.

ముందుగదిలోకి పరిగెత్తింది. అత్తగారి ప్లేటు ఖాళీగా ఉంది. చెంచాతో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

"మొత్తం తిన్నారా అత్తయ్యా?"

"తిన్నానే. ఏం?"

"ఏమైనా తేడాగా ఉందా? చెప్పండి, ఎలా ఉంది?"

"బాగుంది" అంది అత్తగారు. ఎప్పుడూ అనే మాటే.

"అందులో బొద్దింకల మందు కలిసింది అత్తయ్యా! చెప్పులు వేసుకోండి, ఆసుపత్రికి వెళ్లాలి. నేను కిందికి వెళ్లి ఇప్పుడే వస్తాను."

రెండేసి మెట్లు దిగింది. టీచరమ్మ తలుపుకి తాళం. ఫోన్ చేస్తే లోపల్నుంచే మోగింది. ఎదురింటావిడ తల బయటపెట్టి, "మనవరాల్ని ఈతకు తీసుకెళ్లిందమ్మా, చేతిలో టిఫిన్ డబ్బా కూడా ఉంది" అంది.

ఈతకొలను వీధి చివర. నలభై ఎనిమిదేళ్ల మనిషి, తడి జుట్టు వీపుకి అంటుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా ఆ వీధంతా పరిగెత్తింది. ఎవరో పలకరించినా ఆగలేదు. బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది: నాలుగేళ్ల పిల్ల, నాలుగేళ్ల పిల్ల.

కొలను పక్కన బెంచీ మీద మనవరాలు కూర్చుని ఉంది. రెండు చేతులతో ఫ్రిటర్‌ని పట్టుకుని పూత నాకుతోంది. తూకాలక్క ఒక్క దెబ్బతో దాన్ని కింద పడగొట్టింది. పిల్ల బిక్కచచ్చిపోయి, తరవాత ఏడుపు అందుకుంది.

"నీకేమైనా పిచ్చా?" టీచరమ్మ లేచి నిలబడింది.

"తినిందా? ఎంత తినింది? చెప్పండి టీచరమ్మా!"

"ఇప్పుడే కదా తీసిచ్చాను! ఏమైంది?"

చెప్పింది. టీచరమ్మ మొహం పాలిపోయింది. పిల్ల నోరు తెరిపించి వేలు పెట్టి తుడిచింది. "చాక్‌పీసులా ఉంది, ఛీ" అంది పిల్ల వెక్కుతూనే. రెండోది టిఫిన్ డబ్బాలోనే ఉంది.

తూకాలక్క ఇంటికెళ్లి అత్తగారినీ మందు డబ్బానూ వెంటబెట్టుకొచ్చింది. ఆటోలో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. అత్తగారు మధ్యలో కడుపు పట్టుకుని, "తిప్పుతోందే" అంది. తూకాలక్క మందు డబ్బాను ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. వదిలితే అది పేలుతుందేమో అన్నట్టుంది ఆ పట్టు. దారిలో పడ్డ ప్రతి ఎర్రలైటూ ఆమెకు ఒక ఏడాదిలా గడిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. డబ్బా చూసింది, ఎంత కలిపారో అడిగింది, పిల్లను పరీక్షించింది, పెద్దావిణ్ణి మంచం మీద పడుకోబెట్టింది. అత్తగారు అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకుంది.

"ఈ మందుకి ఘాటైన వాసన ఉంటుంది కదమ్మా. కలిపేటప్పుడు తెలియలేదా? ఒక్క చుక్క రుచి చూడలేదా?"

టీచరమ్మ చూస్తోంది. నర్సు చూస్తోంది. ఏడు నెలలు దాచిన మాట అక్కడే బయటపెట్టింది.

"నాకు వాసన తెలియదు డాక్టర్‌గారూ. రుచి కూడా తెలియదు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ."

"ఎవరికైనా చూపించారా?"

"లేదు. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు" అంది మంచం మీద నుంచి అత్తగారు.

తూకాలక్క వెనక్కి తిరిగింది.

"విరిగిన పాలతో టీ పెట్టిచ్చి నువ్వూ ఒక కప్పు తాగావు. అప్పుడే తెలిసింది. అడిగితే ఏడుస్తావని ఊరుకున్నా."

"మరి ఇవాళ? ఇవాళ అది నోట్లో పెట్టుకుని ఎందుకు ఊరుకున్నారు?"

"కొత్త వంటకం కదా, ఆ మందు కంపు అలాగే ఉంటుందేమో అనుకున్నా. నువ్వేమో తలుపు దగ్గర నిలబడి పరీక్ష ఫలితం కోసం చూస్తున్నదానిలా చూస్తున్నావు. బాలేదని ఎలా అనను?"

తూకాలక్క మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చింది. ఈ ముసలావిడ తన మొహం చూసి విషం మింగింది. ఏడు నెలలుగా ఎన్ని పూటలు అలా మింగిందో!

పిల్లకు ఏమీ కాలేదు. సాయంత్రం దాకా ఉంచి పంపేశారు. వెళ్తూ టీచరమ్మ ఒకే ఒక్క మాట అంది: "ముందే చెప్పి ఉంటే నేనే రుచి చూసి పెట్టేదాన్ని కదా." తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అత్తగారికి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆ రెండు రోజులూ తూకాలక్క ఆవిడ మంచం పక్క నుంచి కదల్లేదు. ఊపిరి కాస్త నెమ్మదిస్తే లేచి, రొమ్ము లేస్తోందో లేదో చూసేది. మొగుడు వచ్చి, "నేను ఆ డబ్బాలో పొయ్యకుండా ఉండాల్సింది" అని పదేపదే అన్నాడు. ఆమె తప్పు ఆయన మీద వెయ్యలేదు.

బుధవారం బేకరీకి వెళ్లి మాస్టర్ ముందు నిలబడి అంతా చెప్పింది. "జనం కొనుక్కెళ్లి పిల్లలకు పెట్టేవే కదక్కా ఇవన్నీ" అన్నాడాయన. ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. పనిలోంచి తీసెయ్యలేదు. పిండి కలిపే బల్ల మాత్రం వేరే అమ్మాయికి ఇచ్చి, ఆమెను ఓవెన్ల దగ్గరకు మార్చాడు. పద్దెనిమిదేళ్ల చోటు అది. మొదటి వారం అటువైపు చూడలేకపోయింది.

ఆపిల్ ఫ్రిటర్లు అమ్మకానికి వచ్చాయి. తునకలు తరగడం, ముద్దలు నొక్కడం ఆమే నేర్పింది. పూత ఆ అమ్మాయి కలుపుతుంది, ఇంకో ఇద్దరు రుచి చూస్తారు.

ముక్కు డాక్టరు చెప్పినట్టు రోజూ పొద్దున్న లవంగం, నిమ్మతొక్క వాసన చూస్తోంది. మూడో నెలలో ఒకరోజు లవంగం దగ్గర ఏదో సన్నగా తగిలినట్టనిపించింది. సంతోషం కంటే ముందు భయమే వేసింది, అది నిజం కాదేమోనని. అత్తగారిని పిలిచి కళ్లు మూసుకుంది. "ముక్కు దగ్గర ఏదో ఒకటి పెట్టండి అత్తయ్యా, ఏదని చెప్పకండి" అంది. మూడుసార్లు పెట్టింది అత్తగారు. తూకాలక్క రెండుసార్లు సరిగ్గా చెప్పింది.

"ఇంకోసారి పెట్టండి" అంది, కళ్లు తెరవకుండానే.