అమ్మగారు పొలం చూసిన రోజు

నల్ల తామరపురుగు మిరపను మాడ్చేసిన ఏడాదికి, నేను రాజ్యలక్ష్మమ్మ గారి పొలం పెత్తనం చేపట్టి ఇరవై ఏళ్లు. చదువు ఐదో తరగతితో ఆగింది కానీ పని మాత్రం కంఠతా వచ్చు. ఉగాదికి కౌలుదారును కుదర్చాలి. విత్తు పడకముందే కౌలు తీసుకుని గుంటూరులో అమ్మగారికి ముట్టజెప్పాలి. ఏ కాగితం మీదా ఆవిడ సంతకం పడకుండా చూడాలి. సంతకం పెడితే భూమి కౌలుదారుడిదైపోతుందని భయం. ఆ భయం ఆవిడకు నూరిపోసింది నేనే.

ఆవిడ ఎన్నడూ ఆ గట్టు తొక్కలేదు. భర్త పోయాక ఇల్లు గడవడం, మందులు, మనవరాలి చదువు అన్నీ ఆ ఎనిమిదెకరాల మీదే. కంటితో చూడని నేల ఒక మనిషిని అన్నేళ్లు పోషించడం నాకెప్పుడూ వింతగానే ఉండేది.

ఆ ఏడు కౌలుదారు ఏసోబు. కౌలు ముందే కట్టాడు, పంట మొత్తం పోయింది. నష్టం రాసుకునే ఉద్యోగి వచ్చి, కౌలుకు చేస్తున్నట్టు సర్కారు ఇచ్చే కౌలు కార్డు లేకపోతే పరిహారం భూమి గలవారికే పడుతుందన్నాడు. కార్డుకు అమ్మగారి సంతకం కావాలి. మర్నాడే గడువు. నేను కుదరదన్నాను.

"నీ పెత్తనం తగలెయ్య! ఒక్క సంతకానికి నా కొంప ముంచుతావా సుబ్బయ్యా?" అని ఏసోబు నా ముందే ఆవిడకు ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆటోలో దిగారు. నేను నోరెళ్లబెట్టాను. ఎదురుగా పచ్చటి చేను చూసి చేతులు జోడించారు.

"ఎంత బాగుంది సుబ్బయ్యా మన పొలం! పోయిందంటారేం?"

"అది పక్కోళ్ల శనగండి అమ్మగారూ. మీది ఇటు," అన్నాడు ఏసోబు.

ఇటు తిరిగారు. ఆకు ముడుచుకుని, పూత రాలి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మోడుబారిన మిరప. ఆవిడ చెప్పులు విడిచి నల్లరేగట్లోకి దిగారు.

"ఇంత నేలా! దీన్లో ఎన్నిసార్లు తిరిగావు ఏసోబూ?"

"లెక్కెవరు పెట్టారండీ. మా ఆడాళ్ల కాళ్లనడగాలి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఏసోబు ఇచ్చిన కార్డు కాగితం మొత్తం చదివారు. "పదకొండు నెలలకేనట, భూమి మీద హక్కేం రాదట. నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"నాకూ తెలీదండీ," అన్నాను. అది నిజమే. ఎవరిచేతా చదివించుకోలేదు.

ఆటో సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశారు. గడువులోపే ఏసోబు పేరు పరిహారం జాబితాకెక్కింది.

ఆ తర్వాత పనిచేసిన మూడేళ్లూ, కౌలు కుదిరిన రోజే కార్డు కాగితం చదివించుకుని సంతకం పెట్టించేవాణ్ణి. కౌలు అందుకోవడం దాని తర్వాతే.