మూడోసారికి ఉతికిన గుడ్డ

జూన్ రెండో సోమవారం. పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. రోజూ ఆ వేళకి మా కెమిస్ట్రీ మేడమ్ "బయల్దేరావా అమ్మాయ్?" అని అడుగుతారు. తెర మీద ఆమె పేరే ఉంది. మంచం మీద నుంచే "ఆఁ, బయల్దేరానండి" అనేశాను. అవతల ఉన్నది వాళ్లాయన. "మీ మేడమ్ ఇక లేరమ్మా. నిద్రలోనే పోయింది," అన్నారు.

తెనాలిలో మేం చదివే డిగ్రీకి వేసవి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామందికి అదొక సంతకం. రేపల్లె నుంచి నేను, కొలకలూరు నుంచి నా స్నేహితురాలు కూడా ఆ సంతకం కోసమే మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆమె మా చేతికో సంచి ఇచ్చి, రొయ్యల తొక్కలు తెమ్మని నిజాంపట్నం పంపారు. తిరుగు బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోలేదని చెప్తే, "రీసెర్చ్ చేసేవాళ్లకి సీటు గ్యారంటీ," అని నవ్వారు. భోజనానికి ముందు మా వేళ్లు వాసన చూసి మళ్లీ కుళాయి దగ్గరికి పంపేవారు. ఆ తర్వాతే ఆమె డబ్బాలోని ఆవకాయ మాకు దక్కేది.

ఆ తొక్కల్ని శుద్ధి చేస్తే కైటోసాన్ అనే తెల్లటి పదార్థం వస్తుంది. పల్చటి ఆమ్లంలో కరిగిస్తే గంజిలా చిక్కబడుతుంది. దాన్ని గాజు పలక మీద పోసి ఆరబెట్టి పొరలా తీయాలి. ఆ పొర చీరాల అద్దకాలవాళ్లు పారబోసే నీళ్లలో రంగుని పీల్చుకుంటుందా అన్నది మా ప్రశ్న. ఎన్నిసార్లు పోసినా పగిలిపోయేది. ఒకరోజు పలకలు చాలక, అమ్మ వడియాలు పెట్టినట్టు కాలేజీ మేడ మీద పాత నూలుగుడ్డ పరిచి, మిగిలిన గంజి గరిటెతో పోశాను. సాయంత్రం గుడ్డ వెనక నీళ్లు చల్లి లాగినా ఊడలేదు. నేతలోకి దిగి అతుక్కుపోయింది.

"పొర రాలేదండి," అన్నాను ఏడుపు గొంతుతో.

మేడమ్ గుడ్డని తిరగేసి బొటనవేలితో రుద్ది చూశారు. "రాలేదు అనకమ్మా. ఏం వచ్చిందో చెప్పు."

ఆ గుడ్డనే క్షారంలో కడిగి ఎర్రరంగు నీళ్లలో వేశాం. మర్నాటికి నీళ్లు లేత గులాబీకి దిగాయి. ఇప్పుడు ఏదైనా రాయడానికి కూర్చుని మాట తోచనప్పుడు కూడా నాకు మేడమ్ అన్న ఆ మాటే గుర్తొస్తుంది.

నెలాఖరున బాపట్లలో విద్యార్థుల సదస్సు. "ఫలితం ఒకసారి వస్తే సరదా, రెండోసారి వస్తే అనుమానం. మూడోసారీ వస్తే, అప్పుడు బాపట్ల," అనేవారు మేడమ్. రెండుసార్లు వచ్చింది. మూడోది ఈవేళ చేయాల్సి ఉంది.

సాయంత్రం, అంతా అయ్యాక, వాళ్లింటి అరుగు మీద ఇంకో లెక్చరర్ గారు మమ్మల్ని ఓదారుస్తూ, ఉన్న రెండు ఫలితాలతోనే బాపట్ల వెళ్లిరమ్మన్నారు. ఎవరూ అడగరట. నా స్నేహితురాలు నా వంక చూసింది.

అప్పుడు వాళ్లాయన మమ్మల్ని మేడ మీదికి పిలిచారు. దండెం మీద తెల్ల నూలుగుడ్డ ఒక్కటే ఊగుతోంది.

"రాత్రి ఉతికి ఆరేసిందమ్మా. పొద్దున్నే పిల్లలకి కావాలంది. మీదేనా?"

"మాదేనండి," అంది నా స్నేహితురాలు.

గుడ్డ ఇప్పుడు నా సంచిలో ఉంది. ల్యాబ్ తీస్తానని అటెండర్ బాబాయి మాటిచ్చాడు. రేపు ఉదయం మొదటి రైలెక్కాలి. ఎండ ముదరకముందే కాలేజీ మేడ మీద దీన్ని పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి.