సూదుల మీద బేరం

సూర్యాపేటలో మాది చీరల దుకాణం. నడి ఎండాకాలంలో కూడా నా చేతులూ కాళ్లూ మంచుగడ్డలే. ఎవరో చెబితే కోదాడలో ఆక్యుపంక్చర్ చేసే ఒకావిడ దగ్గరికి పోయిన. బేరమాడకుంటే నాకు తిన్నది అరగదు కనుక ఫీజు తగ్గించమన్న. నవ్వుతూ వెంటనే ఒప్పుకుంది. అప్పుడే అనుమానపడాల్సింది.

అరచేతులకూ, పాదాలకూ సూదులు గుచ్చి, "కదలకండి అక్కా, కదిలితే నొప్పి" అని పక్కనే కుర్చీ వేసుకుంది.

"దసరాకి మీ కొట్లో పట్టుచీర అడిగితే పైసా తగ్గించలేదు. గుర్తుపట్టారా?"

గుర్తొచ్చింది. ఆమె అలిగి మెట్లు దిగుతుంటే నేను వెనక్కి పిలవలే.

"ఇప్పుడు చెప్పండి, ఎంతకిస్తారు?"

"ముందు సూదులు తియ్యి చెల్లె, మాట్లాడుకుందాం."

"మాట్లాడాకే తీస్తాను."

చేతులు తిప్పకుండా బేరమాడుడు నాకు రాదు. కొన్న ధరకే ఇస్తనని ఒప్పుకున్న. జాకెట్టు గుడ్డ కొసరు కూడా రాబట్టింది.

చేతులైతే వెచ్చబడ్డయి. సూదులకంటే కోపమే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

చీర కోసం వచ్చేవారం వస్తదట. రానీ. మా దుకాణంలో సూదులుండవు గానీ, పరుపు మీద కూర్చున్న మనిషి లేవలేనన్ని చీరలు చుట్టూ పరిచి, ఇంకో రెండు కొనిపించుడు మా నాయన నేర్పిన వైద్యం.