నీలం లైటు

ఉదయభాస్కర్ చొక్కాకి కుడిచేతి మడత ఎప్పుడూ ఎడమదానికన్నా రెండు వేళ్లు పైకే ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో మోచేతి దాకా చెయ్యి ముంచి, అరచెయ్యి ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూసి, నీళ్లెలా ఉన్నాయో మొహం మీదే చెప్పేస్తాడు. ఇంట్లో మొక్కలు పెంచుకునే చిన్న అక్వేరియంలోనూ పొద్దున్నే అలాగే చెయ్యి పెడతాడు. దానికి లైటు మాత్రం గణేష్‌బాబు మాట మీద, అతని అక్వేరియం సామాన్ల కొట్లోనే కొన్నాడు. పదేళ్లుగా అతని రొయ్యల చెరువు భాస్కరే ఊరికే చూసిపెడుతున్నాడు మరి. "మొక్కలకి నీలం లైటేనండి. మా ఇంట్లోనూ అదే," అంటూ గణేష్‌బాబు పెట్టె మీద దుమ్ము దులిపి ఇచ్చాడు.

నెల తిరక్కుండా ఆకులు కుళ్లిపోయాయి. భాస్కర్ నీళ్లు మార్చాడు, ఇసుక మార్చాడు, చివరికి తన చెయ్యే మంచిది కాదనుకుని ముంచడం మానేశాడు. లైటుని మాత్రం అనుమానించలేదు.

మొన్న గణేష్‌బాబు చెరువులో నీళ్లు పాడవుతున్నాయని చెప్పడానికి భాస్కర్ వాళ్లింటికి వెళ్లాడు. హాల్లో అక్వేరియం నిండా పచ్చటి మొక్కలు, వాటి మీద తెల్లటి లైటు. గణేష్‌బాబు గబగబా వచ్చి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా చెరువు నీళ్లెలా ఉన్నాయండీ?"

భాస్కర్ కుడిచేతి మడత కిందికి దించి, గుండీ పెట్టుకున్నాడు.

"బాగానే ఉన్నాయండి," అన్నాడు.