మా తమ్ముడి గడ్డం

మా ఇంటి ముందుగదే మా ఆయన సెలూన్. తను కడిగిన మెట్టు మీదే తను జారిపడి తల పగలగొట్టుకున్నాడు. అన్ని నీళ్ళు పొయ్యొద్దని చెప్తే విన్నాడా?

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ, "మెదడులో రక్తం చేరింది కాబట్టి ముందుముందు ఫిట్స్ వచ్చే ముప్పు ఎక్కువ. రాకపోనూవచ్చు," అంది.

"ఎప్పుడొస్తాయో చెప్పలేరా?"

"ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పగలం. ఏ రోజో చెప్పలేమమ్మా. కొన్నాళ్ళు కత్తి పట్టనివ్వకండి."

గడ్డాలు గీసేవాడు కత్తి పట్టకపోతే ఏం చేస్తాడు? కుర్చీ తుడుస్తాడు. సంగతి తెలిసి వీధిలో మగాళ్ళంతా ఒక్కసారిగా గడ్డాలు పెంచారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా మెడ తడుముకుంటూ గుమ్మంలోనే నిలబడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

మా తమ్ముడు మాత్రం వచ్చి కుర్చీలో తల వెనక్కి వాల్చి, "కానివ్వు బావా," అన్నాడు.

"బుద్ధుందా నీకు? ఏమన్నా అయితే?" అన్నాడు మా ఆయన.

"అయితే నీ సంగతి అక్క చూసుకుంటుందిలే."

అప్పట్నుంచి రోజూ వచ్చేవాడు. మా ఆయన నురగ రాసి, కత్తితో గీసి, తుడిచి, "నున్నగా వచ్చిందిరా," అనేవాడు. "అద్దంలా ఉంది బావా," అనేవాడు తమ్ముడు. ఆ పూట మా ఆయన కడుపునిండా తినేవాడు.

మా ఆయన కత్తిలో బ్లేడు పెట్టేవాడు కాదు. కత్తి కడిగేది నేనే కదా, నాకు తెలుసు. తమ్ముడు కుర్చీలోంచి లేచి నేరుగా మా పెరట్లోకి వచ్చి, కుళాయి దగ్గర తన రేజరుతో మళ్ళీ గీసుకునేవాడు. అదీ తెలుసు. ఇద్దరి దగ్గరా నోరు కుట్టుకుని కూర్చున్నాను.

ఒక పొద్దున తమ్ముడి గొంతు మీద కత్తి ఉండగానే మా ఆయన చెయ్యి ఎగిరిపడింది. ఒళ్ళంతా కొట్టుకుంది. తమ్ముడు పట్టుకుని, కింద ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాడు.

తెలివొచ్చాక మా ఆయన మొదట అడిగింది, "గొంతు తెగిందారా?"

"నురగ తెగింది."

"కత్తిలో బ్లేడు లేదురా."

"మొదటిరోజే తెలుసు బావా."

"నీకు తెలుసని నాకూ తెలుసు. నువ్వే గీసుకుని, రోజూ చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేసి వచ్చేవాడివి."

"మరి నన్నెందుకు నోరు మూసుకోనిచ్చారు?" అని ఇద్దర్నీ తిట్టి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

మాత్రలు మొదలయ్యాయి. కత్తి నేను పట్టాను. మా ఆయన పక్కనే నిలబడి, "చెవి కింద చూడు," అంటుంటాడు. తమ్ముడు ఇప్పటికీ రోజూ వస్తాడు. కుర్చీలో కూర్చునే ముందు మాత్రం, "అక్కా, బ్లేడు పెట్టావా?" అని అడిగి, పెట్టానంటే కళ్ళు మూసుకుంటాడు.