దుప్పటి మీద లేని పాదం

షుగర్ ముదిరి మా నాయిన కుడికాలు మోకాలి కింద తీసేశారు. నాచారంలోని ఇంటికి తీసుకొచ్చాక, ఆ లేని పాదమే దురద పెడుతోందని ఆయన నిద్రపోయేవాడు కాదు. మతి పోతోందేమోనని అమ్మకు భయం. రోజూ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసేది.

నేను ఉప్పల్ లైబ్రరీలో వెతికి వెతికి చదివాను. కాలు పోయినా మెదడు దాన్ని చాలాకాలం మరిచిపోదట. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను.

"అయితె మీ నాయినకు మతి పోలేదన్నట్టేనా?" అంది అమ్మ.

"నేను మొదటి నుంచి గదే మొత్తుకుంటున్న. నీ మిరపకాయలకు దగ్గొచ్చింది గని దురద పోలే," అన్నాడు నాయిన.

అమ్మ మంచం చివర కూర్చుంది. పాదం ఉండాల్సిన చోట ఖాళీ దుప్పటిని మెల్లగా గోకింది.

"ఈడనా?"

"జర కిందికి. ఆఁ, గాడనే."

కర్టెన్‌లోంచి మధ్యాహ్నపు ఎండ పలచగా పడుతోంది. ఎక్కడో ఫ్యాక్టరీ సైరన్ నీళ్లలోంచి వచ్చినట్టు మోగింది. నాయిన గురక మొదలైంది. అమ్మ చెయ్యి మాత్రం ఆ లేని వేళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. నేనూ మంచం మీద కూర్చోబోయి, ఆ పాదానికి తగలకుండా కాస్త పక్కకు జరిగాను.