మూర్తిగారి భాగహారం

నరసింహమూర్తిగారు ఎవరింటికి వెళ్లినా ముందు ప్లగ్గును పలకరిస్తారు, ఆ తర్వాతే మనుషుల్ని. కాకినాడలో ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరై, నల్లగండ్లలో మా ఎదురు ఫ్లాటులో స్థిరపడ్డారు. పాఠాలు మానేశారు గానీ భాగహారం మానలేదు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవరు. ఈ రెండు లెక్కలు వస్తే లోకంలో తెలియనిదంటూ ఉండదని ఆయన నమ్మకం.

ఆయన చేతిసంచిలో మొసలి నోరులాంటి ఒక మీటరు, తీగలు విడదీసిన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎప్పుడూ ఉంటాయి. మన వస్తువును ఆ బాక్సుకు తగిలించి, ఒక తీగను మొసలి నోట్లో పెడతారు. అంకె కనబడగానే ఆయన ముఖం వెలిగిపోతుంది.

కొండాపూర్‌లో మా మేనకోడలి పెళ్లికి పిలిస్తే కాఫీ మిషను దగ్గరే ఆగిపోయారు.

"రెండువందల పాతిక వోల్టులు, పన్నెండు ఆంపియర్లు. రెండువేల ఏడువందల వాట్లండి," అన్నారు నన్ను చూడగానే.

"పెళ్లికొడుకు ఎలా ఉన్నాడు మాస్టారూ?"

"ఇంకా అటు వెళ్లలేదండి," అన్నారు, మిషన్ మీంచి చూపు తిప్పకుండా.

ఇదంతా మాకు అలవాటే. ఇళ్లిళ్లూ తిరగడం మాత్రం పోయిన వారమే మొదలుపెట్టారు. ఏ ఫ్లాటులో బెల్లు మోగినా, "మీ గీజరు ఒకసారి చూడనిస్తారా?" అని వినబడేది. మా ఆవిడ రోహిణి ఆ గొంతు వినగానే మిక్సీని అల్మారాలో దాచేసింది. పై అంతస్తు ఆదర్శ్ తాను మీటింగులో ఉన్నానని తలుపు సందులోంచి చెబితే, "పర్వాలేదు బాబూ, ఇస్త్రీపెట్టె మీటింగులో లేదుగా," అన్నారట.

ఆ వారమే సెల్లారులో మాడు వాసన మొదలైంది. అక్కడ ఒక గదిలో మా వాచ్‌మన్ మొగిలి, అతని భార్య అంజమ్మ ఉంటారు. పాలమూరు వైపు నుంచి వచ్చారు. సెల్లారులో గ్యాస్ సిలిండరు పెట్టకూడదని మా అసోసియేషన్ రూలు. అందుకని ఆవిడ కరెంటు పొయ్యి మీదే వండుతుంది.

ఆదివారం పదకొండు గంటలకు సెల్లారులోనే మీటింగు పెట్టాం. సెక్రటరీ సాయిచంద్ రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"ప్రాబ్లం ఆ స్టవ్. ప్లగ్ పాయింట్ తీసేద్దాం. ఫుడ్ బయట మెస్ నుంచి తెచ్చుకుంటారు."

అంజమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. కూతురు సరిత కాన్పై, పసిపిల్లతో ఆ గదిలోనే ఉంది.

"బాలింత ఉన్నది సారూ," అంది మెల్లగా. "పత్తెం తిండి మెస్సుల యాడ దొరుకుతది?"

అప్పుడు మూర్తిగారు సంచి కింద పెట్టారు.

"తప్పు పొయ్యిదని ఎవరు కొలిచారండి?"

"మాస్టారూ, ప్లీజ్, ఇప్పుడు క్లాస్ వద్దు."

"క్లాసు కాదు బాబూ. పొద్దున వీళ్ల గది వంతు వచ్చింది, కొలిచాను. పొయ్యి వెలుగుతుంటే మెయిన్ బోర్డులో రెండువందల ముప్పై వోల్టులు. గదిలో నూట తొంభై. మధ్యలో నలభై ఎక్కడికి పోయాయి?" ఆదర్శ్ వైపు తిరిగారు. "పారుతున్నది ఎనిమిది ఆంపియర్లు. నలభైని భాగించు."

"ఐదు సార్."

"ఐదు ఓములు. మంచి తీగకి ఇందులో పదో వంతు ఉంటే ఎక్కువ. ఇప్పుడు ఆ నలభైనే ఎనిమిదితో గుణించు."

"మూడువందల ఇరవై."

"అన్ని వాట్ల వేడి గోడ లోపల, తీగ అతికిన చోట పుడుతోంది. ఇస్త్రీపెట్టెను గోడలో పెట్టి సిమెంటు పూసినట్టు. ఆ గోడకు ఆనుకునే పసిపిల్ల పక్క వేసి ఉంది. పొద్దుటినుంచీ పొయ్యి వెలిగించనివ్వలేదు, పక్క కూడా ఇవతలికి జరిపించాను. ఆ తీగ మాత్రం వీళ్లది కాదండి. మనం వేయించిందే."

సాయిచంద్ ముందు వెళ్లి మెయిన్ ఆపి, తర్వాత ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు.

"గందుకేనా సారూ, అన్నం ఎంతకీ ఉడకకపోయేది?" అన్నాడు మొగిలి.

"నేను బియ్యమే మంచిగ లేవనుకున్న," అంది అంజమ్మ.

గోడ పగలగొడితే అతుకు బొగ్గయిపోయి ఉంది. మధ్యాహ్నం పత్యం మా ఇంట్లోంచి వెళ్లింది. సాయంత్రానికి కొత్త తీగ పడింది, లావుపాటిది.

లిఫ్టులో నేను ఉండబట్టలేక అడిగాను.

"మొదటిరోజే ఆ గదికి వెళ్లి కొలవచ్చు కదా మాస్టారూ. మా గీజర్ల వెంట ఎందుకు పడ్డారు?"

ఆయన కాస్త సిగ్గుపడ్డారు.

"వాసన రాగానే అందరూ అటే చూశారండి. నేనూ తిన్నగా అక్కడికే వెళితే తనిఖీ అవుతుంది. ఆవిడ దొంగలా నిలబడాలి. అన్ని ఇళ్లూ కొలుస్తూ వెళితే నా పిచ్చి అవుతుంది. పిచ్చి చూసి నవ్వుకుంటారు గానీ ఎవరూ నొచ్చుకోరు కదా. అంత ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం మీ ఇళ్లన్నీ వదిలేసి ముందు అక్కడికే వెళ్లేవాణ్ని."

ఆ మాటకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఇంటికి రాగానే రోహిణికి అంతా చెప్పాను.

మర్నాడు పొద్దున్నే అంజమ్మ పైకి వచ్చి ఎదురింటి తలుపు తట్టింది.

"సారూ, ఇయ్యాల అన్నం జల్ది ఉడికింది. జర మళ్లొకసారి కొలిచి చూడుండ్రి."

మూర్తిగారు సంచి పట్టుకుని చిన్నపిల్లాడిలా పరుగెత్తారు. వచ్చేటప్పుడు మా బెల్లు కొట్టి, "రెండువందల ఇరవై ఎనిమిదండి," అని ప్రకటించారు.

అప్పటికే రోహిణి మిక్సీని తెచ్చి బల్ల మీద పెట్టి ఉంచింది. ఆయన దాన్ని చూసి, "పాపం, అల్మారాలో బాగా ఉక్కపోసిందా అమ్మా దీనికి?" అంటూ సంచి విప్పారు.